వలకి రాగి పూస్తే, ఆ రాగి చివరికి ఎటు పోతుంది?

సముద్రంలో పెద్ద పెద్ద గుండ్రటి వలల్లో చేపల్ని పెంచడం రీల్స్‌లో చూసే ఉంటారు. దాన్నే కేజ్ కల్చర్ అంటారు. నార్వేలో సాల్మన్ చేపల్ని ఇలాగే పెంచుతారు. అక్కడ ఒక్కో కేజ్‌లో రెండు లక్షల చేపల దాకా ఉంచొచ్చు.

సమస్య ఏంటంటే, సముద్రంలో ఏది ముంచినా కొన్ని వారాల్లోనే దానికి నాచు, ఆలిచిప్పలు, బార్నకిల్స్ పట్టేస్తాయి. వల కన్నాలు మూసుకుపోతే కొత్త నీరు లోపలికి రాదు. ఆక్సిజన్ తగ్గిపోయి చేపలకి ఊపిరాడదు. వల కూడా బరువెక్కిపోతుంది.

అందుకే వలకి మందు పూస్తారు. 1980ల్లో టీబీటీ అనే టిన్ రసాయనం వాడేవారు. పడవల అడుగున వేసే రంగులో కూడా అదే ఉండేది. దానివల్ల ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంకులు వికారంగా మందమైపోయాయి, వాటి పిల్లలు బతకలేదు. కొన్ని రకాల ఆడ నత్తలకి మగ అవయవాలు వచ్చాయి! ఫ్రాన్స్ 1982లో చిన్న పడవలకి ఆ రంగు వాడకుండా ఆపింది. బ్రిటన్ 1987లో చేపల వలలకి కూడా నిషేధించింది.

తర్వాత ఎక్కువగా రాగి మీద ఆధారపడ్డారు. "రాగి చెంబులో నీళ్లు మంచివి అంటారు కదా?" అనుకోవచ్చు. కానీ ఇక్కడ రాగి పూసేదే నాచునీ, చిన్న చిన్న జీవుల్నీ చంపడానికి. అది పనిచేయాలంటే కొంచెం కొంచెంగా నీళ్లలో కరగాలి. అంటే పూసిందాంట్లో చాలాభాగం సముద్రంలోకే పోతుంది. నార్వేలో 2019 ఒక్క ఏడాదిలోనే 1,500 టన్నులకి పైగా రాగి ఇలా వాడారు.

రాగి లోహం కాబట్టి కుళ్లిపోదు, విరిగిపోదు. కేజ్ కింద మేత, చేపల మలం పేరుకున్న బురదలో చేరి ఉండిపోతుంది. ఆ బురద కదిలినా, దానికి మళ్లీ ఆక్సిజన్ తగిలినా, కొంత తిరిగి నీళ్లలోకి రావచ్చు.

మరి మందు లేకుండా కడిగేస్తే? కడుగుతున్నారు కూడా. కానీ ప్రెషర్‌తో కడిగినప్పుడు ఊడిన ముక్కలు చేపల మొప్పలకి తగిలి గాయం చేస్తాయి. రాగి పూసిన వలని కడిగితే ఆ పూత కూడా ఊడి నీళ్లలో కలుస్తుంది. వలని మార్చి ఎండలో ఆరబెట్టడం మంచి దారే, కానీ దానికి కూలీ, ఖర్చు ఎక్కువ.

ఇది మనకీ సంబంధించిన విషయమే. వైజాగ్ తీరంలో సీఎంఎఫ్ఆర్ఐ 2007లోనే సముద్రపు కేజ్ పెట్టి పండుగప్పని పెంచింది. రేపు మన తీరంలో కేజ్‌లు పెరిగితే, "ఈ మందు పూస్తే చాలు, వల శుభ్రంగా ఉంటుంది" అని ఎవరైనా చెప్తారు. అప్పుడు ఒక్కటే అడగండి: వల శుభ్రం సరే, మరి దాని కింద బురద సంగతేంటి?