పద్దు మారిన డబ్బు

పిల్లల చదువుకని దాచిన డబ్బు తీసి ప్రహరీగోడ కట్టించాలంటే ఇంట్లో నలుగురినీ అడగాలి. ప్రభుత్వం ఆ పని చేస్తే ఎవరినడగాలి?

చట్టం ద్వారా కేటాయించకుండా ఖజానా నుంచి డబ్బు తీయరాదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం చెబుతుంది. అయితే కట్టడాల ఖర్చు అంచనాలకు లొంగదు. ఒకచోట టెండరు తక్కువకు వస్తుంది, మరోచోట సిమెంటు ధర పెరుగుతుంది. అందుకని కొంత వెసులుబాటు ఇచ్చారు. ఒకే పద్దులో ఒక పని నుంచి మరో పనికి డబ్బు మార్చడం రీప్రోగ్రామింగ్. దీని గురించి మామూలుగా కాంగ్రెస్ కమిటీలకు ముందే తెలియజేస్తారు. ఒక పద్దు నుంచి మరో పద్దుకు మార్చడం ట్రాన్స్‌ఫర్. దానికి చట్టం అనుమతి ఉండాల్సిందే.

ఈ కట్టుబాట్ల బలమెంతో 2019లో తేలింది. సరిహద్దు గోడకు ట్రంప్ 570 కోట్ల డాలర్లు అడిగితే కాంగ్రెస్ 137.5 కోట్లు ఇచ్చింది. ఆయన ఫిబ్రవరి 15న జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అలాంటప్పుడు సైనిక కట్టడాలకిచ్చి ఇంకా ఒప్పందాలు కాని డబ్బును, సైన్యానికి అవసరమైన వేరే కట్టడాలకు వాడుకోనిచ్చే 2808 సెక్షన్ ఒకటుంది. దాని కింద సెప్టెంబరులో 127 పనుల నుంచి 360 కోట్ల డాలర్లు గోడకు మళ్ళించారు. కెంటకీలోని ఫోర్ట్ క్యాంప్‌బెల్ సైనిక కుటుంబాల పిల్లల బడి కూడా అందులో ఉంది.

మరి కాంగ్రెస్ ఊరుకుందా? లేదు. ఆ అత్యవసర పరిస్థితిని రద్దు చేస్తూ ఉభయసభలూ తీర్మానించాయి. మార్చి 15న అధ్యక్షుడు వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చడానికి ప్రతినిధుల సభలో 248 ఓట్లు వచ్చినా, మూడింట రెండు వంతులు కాలేదు.

చిక్కు ఎక్కడుందంటే, 1976 నాటి చట్టం ప్రకారం అధ్యక్షుడి సంతకం లేకుండానే ఉభయసభలూ అత్యవసర పరిస్థితిని ముగించవచ్చు. అలాంటి శాసనసభా వీటో చెల్లదని 1983లో చద్దా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1985లో చట్టాన్ని సవరించాక అధ్యక్షుడి సంతకం తప్పనిసరైంది. అంటే, తాళం వేసినవాడినే తాళంచెవి అడగాలన్నమాట!

2021లో బైడెన్ ఆ ప్రకటనను ముగించారు. 2025 జనవరి 20న ట్రంప్ మళ్ళీ అత్యవసర పరిస్థితి ప్రకటిస్తూ అదే 2808 సెక్షన్‌ను ఉటంకించారు.

మన తెలుగు రాష్ట్రాల శాసనసభలూ డిమాండ్ల వారీగానే డబ్బు మంజూరు చేస్తాయి. ఒక డిమాండు సొమ్మును ప్రభుత్వం తనంత తానుగా మరో డిమాండుకు మార్చకూడదు. జరిగిన ఖర్చు కాగ్ నివేదికలో తేలుతుంది, ప్రజాపద్దుల కమిటీ ముందుకొస్తుంది. కానీ అప్పటికి గోడ లేచిపోయి ఉంటుంది. అడగవలసినది డబ్బు కదలకముందే.