దయ్యానికీ కులముంది

‘మీ దయ్యాలు రాత్రిళ్లు గోడ దాటి వస్తాయటగా?’

ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. అతనిది ఊరు, నాది పల్లె. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మకు దగ్గరగా ఉన్న మా గ్రామంలో ఈ రెండు మాటల అర్థం ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మా మాదిగపల్లె చివర పాత బాప్టిస్టు చర్చి, దాని వెనుక సమాధుల తోట. మిత్రుడి ప్రశ్నలో దయ్యాన్ని ఎప్పుడో మరచిపోయాను. ‘మీ’ అన్న మాట మాత్రం ఇన్నేళ్లుగా వెంటాడుతోంది. ఊరి శ్మశానంలో ఉన్నదీ చనిపోయినవారే. అక్కడివారు పితృదేవతలయ్యారు. ఇక్కడివారు దయ్యాలెందుకయ్యారు?

ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వద్దకు తొలినాళ్లలోనే వచ్చినవాడు మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. కొత్త విశ్వాసులు చచ్చిన పశువుల మాంసం తినడం మానేశారు, జాతరల్లో డప్పు కొట్టబోమన్నారు, ఆదివారం పనికి రామన్నారు. పెత్తందారీ కులాలు ఇది సహించలేదు. బావులు మూశారు, దారులు కట్టేశారు. మా సమాధుల తోటలు ఈ ఘర్షణ నడుమ పుట్టాయి. ఊరి పలకల మీద ఎన్నడూ చోటు దొరకని పేర్లు అక్కడ సమాధి రాళ్లకెక్కాయి.

ఊరిలో మా తోట గురించి చెప్పుకునే కథలు మూడు. తెల్లచీర కట్టి గోడ మీద కూర్చునే ఆడమనిషి కథ ఒకటి. వేకువకు ముందు వరుసగా కదిలే కొరివి దయ్యాల కథ రెండోది. టోపీ పెట్టుకుని గుర్రం మీద తిరిగే దొర దయ్యం కథ మూడోది. పరిశోధకుడినయ్యాక ఈ మూడింటినీ విప్పి చూశాను. తెల్లచీర మా పల్లె స్త్రీలు ఆదివారం ఆరాధనకు కట్టుకునే చీర. పెళ్లికూతురికీ అదే, కడసారి పెట్టెలో పడుకోబెట్టేటప్పుడూ అదే. తెలుపును వైధవ్యంగా, అశుభంగా చూసే ఊరికి ఆ చీర దయ్యపు వేషమైంది. కొరివి దయ్యాలు ఈస్టర్ వేకువన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించడానికి నడిచి వెళ్లే మా కుటుంబాలే. ఇక దొర, పల్లెలోకి వచ్చి మాదిగల నడుమ కూర్చున్న తెల్లవాడు. అతడు తప్పిన కట్టుబాటుకు శిక్షగా ఊరు అతణ్ణి చచ్చాక కూడా గుర్రం దిగనివ్వలేదు. బతికి ఉండగా మైల అన్నదే చచ్చాక దయ్యమైంది.

భయాన్ని కూడా కులం పంచిపెట్టింది. ఊరిలో ఎవరు చనిపోయినా పొరుగూళ్లకు చావు కబురు మోయవలసిన వెట్టి మా తాతలది. అర్ధరాత్రి అయినా, తోట పక్క డొంకదారి అయినా వెళ్లవలసిందే. గొయ్యి తవ్వినవాడికీ, చితి పేర్చినవాడికీ దయ్యమంటే భయపడే హక్కు లేదు. మా నాయనమ్మను ఒకసారి అడిగాను, తోటలో నిజంగా దయ్యాలున్నాయా అని. ‘ఉంటే మీ ముత్తాతే ఉంటాడు నాయనా. బతికినన్నాళ్లూ ఎవరినీ ఏమీ అనలేదు, ఇప్పుడేమంటాడు?’ అంది.

అయితే ఆ దయ్యాలు మాకు ఒక మేలు చేశాయని ఒప్పుకోవాలి. భయమే ఆ తోటకు కంచె అయింది. ఎవరూ దాని గట్టు జరపలేదు. ఇప్పుడు పక్కన తారురోడ్డు పడింది, సెంటు ధర పెరిగింది. పగలే కొలతల గొలుసు దిగింది, తూర్పు వరుసలోని రాళ్లు కదిలాయి. సెల్‌ఫోను వెలుగులో దయ్యాల భయం పోయిందని సంతోషించేలోగా, ఆ భయంతో పాటు కంచె కూడా పోయిందని తెలిసింది.

అడ్డుకోవడానికి చట్టం ఉంది. దళితులను శ్మశానవాటిక వాడుకోనివ్వకపోవడాన్ని అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ నేరంగా పేర్కొంది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే షెడ్యూల్డ్ కుల హోదా. క్రైస్తవంలోకి మారినవారికి ఆ చట్టరక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు స్పష్టం చేసింది. రాయి కదిపినవాడికి అది మాదిగల తోట. ఫిర్యాదు రాసుకునేవాడికి అది క్రైస్తవుల తోట. మా ముత్తాతకు చచ్చాక కూడా రెండు చిరునామాలు. రెంటిలో ఏదీ ఆయనను కాపాడదు.

శ్మశానంలో అస్పృశ్యతకు చోటు లేదని జాషువా నమ్మాడు. ఆ పద్యాలు హరిశ్చంద్ర నాటకాల ద్వారా ఊరూరా మోగాయి. ఆ నమ్మకాన్ని మన ఊళ్లు నేటికీ నిజం చేయలేదు. చర్చి కూడా తన వంతు తప్పు ఒప్పుకోవాలి. తిరుచిరాపల్లి మేలపుదూరులో కేథలిక్ సమాధుల మధ్య దళితులను వేరుచేస్తూ గోడ కట్టింది క్రైస్తవులే. మరోవైపు, 1991లో చుండూరు దళితులు హతులైన తమవారిని ఊరి నడుమనే పాతిపెట్టి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. తమ మృతులు ఊరి అంచున దయ్యాలుగా మిగిలిపోవడానికి వారు ఒప్పుకోలేదు.

విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్లో దయ్యం కథ వింటే నవ్వి వదిలేయకండి. ఆ దయ్యం ఏ వాడది, ఎవరి నేల మీద తిరుగుతోంది, ఆ నేల అడంగల్‌లో ఇప్పుడు ఎవరి పేరున ఉంది అని అడగండి.

మొన్నటి ఈస్టర్ వేకువన నేనూ కొవ్వొత్తి పట్టుకుని తోటకు వెళ్లాను. దూరంగా ఊరి మేడ మీద ఎవరో నిలబడి మావైపు చూస్తున్నారు. వారికి మేము ఏమై కనిపించామో తెలియదు. ముత్తాత సమాధి మీద కొవ్వొత్తి నిలిపి, పక్కనే ఒరిగిన రాయిని తమ్ముడూ నేనూ కలిసి సరిచేశాం.