మోకాలి దగ్గర గడ్డ: నొప్పి లేదని ఊరుకోకండి



కొన్నేళ్ల క్రితం ఇరవై ఏళ్ల కుర్రవాడొకడు మోకాలి నొప్పితో మన ఓ.పి.కి వచ్చాడు. ఆటలో దెబ్బ తగిలిందన్నాడు. మేము నొప్పి మాత్రలు, క్రేప్ బ్యాండేజీ ఇచ్చి పంపాం. ప్యాంటు పైకి మడిచి రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడలేదు. అది మా పొరపాటే. ఏడు నెలల తర్వాత వాళ్లమ్మ తీసుకువచ్చేసరికి మోకాలి వెనుక గడ్డ కోడిగుడ్డంత అయింది. అప్పటిదాకా ఇంట్లో కాపడం పెట్టారు, పసరు కట్టారు.

ముక్క పరీక్షలో అది సైనోవియల్ సార్కోమా అని తేలింది. మెత్తటి కణజాలంలో పుట్టే అరుదైన, మొండి క్యాన్సర్ ఇది. ఎక్కువగా యువతీ యువకులకు, కీళ్ల దగ్గర వస్తుంది. మెల్లగా పెరుగుతుంది గనుక మామూలు గడ్డే అని అందరూ మోసపోతారు.

నిర్ధారణ ఎలా?

ముందు ఎం.ఆర్.ఐ. తీస్తారు. తర్వాత సూదితో ముక్క తీస్తారు. ఈ జబ్బులో ఎక్స్ క్రోమోజోము, 18వ క్రోమోజోము ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. ల్యాబులో అది చూసి రూఢి చేస్తారు. ఊపిరితిత్తులకు పాకే గుణం ఉంది కాబట్టి ఛాతీకి సి.టి. స్కాన్ కూడా తప్పదు.

"ముక్క తీస్తే పాకిపోతుందట సిస్టర్" అని వార్డులో తరచూ వింటాం. ఆపరేషన్ చేయబోయే సర్జనుతో సంప్రదించి తీసే సూది పరీక్షకు భయపడనక్కరలేదు. ఏ పరీక్షా లేకుండా గడ్డను కోసి పారేయడమే ప్రమాదం. వేళ్లు మిగిలిపోయి, మళ్లీ ఇంకా పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది.

చికిత్స

గడ్డతో పాటు చుట్టూ ఉన్న మంచి కండను కూడా కొంత తీస్తారు. చాలామందికి కాలు తీసేయవలసిన పని ఉండదు. ఆపరేషనుకు ముందో తర్వాతో రేడియేషన్, అంటే మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అనేది, ఇస్తారు. గడ్డ పెద్దదైనా, జబ్బు పాకినా డాక్సోరూబిసిన్, ఐఫాస్ఫమైడ్ వంటి మందులు ఎక్కిస్తారు. రోగి సొంత తెల్లకణాలను మార్చి ఎక్కించే చికిత్సకు 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. అది జబ్బు ముదిరినవారిలో కొందరికే పనికొస్తుంది.

ఆ కుర్రవాడిని క్యాన్సర్ ఆసుపత్రికి పంపాం. కాలు నిలిచింది. కొంచెం కుంటుతూ నడుస్తాడు. పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టే జబ్బు గనుక స్కానింగుకు తప్పక వెళ్తుంటాడు. ఇప్పుడు మా ఓ.పి.లో మోకాలి నొప్పి అని ఎవరొచ్చినా రెండు కాళ్లూ చూడనిదే పంపం.

మీరు గమనించవలసినవి

గడ్డ పెద్ద నిమ్మకాయంత, అంటే 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, లోతుగా ఉన్నా, నొప్పి పెట్టినా, తీసిన చోటే మళ్లీ వచ్చినా ఆలస్యం చేయకండి. తొడ మీద ఉందని సిగ్గుపడి దాచకండి. సిస్టరుతో చెప్పండి. చూడమని మీరే గట్టిగా అడగండి.