ఛాతీ తెరవని వాల్వు

2002 ఏప్రిల్ 16. ఫ్రాన్స్‌లోని రూఆన్ యూనివర్సిటీ ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్ బల్ల మీద ఉన్న మనిషికి 57 ఏళ్లు. రాతిపొడి పీల్చినవాళ్లకొచ్చే సిలికోసిస్ ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. క్యాన్సర్ వచ్చి ఊపిరితిత్తిలో ఒక భాగం అంతకుముందే తీసేశారు. క్లోమం పాడైంది, కాళ్లకు రక్తం సరిగా అందడం లేదు. వీటన్నిటి మీద, గుండె షాక్‌లోకి జారిపోయింది. ఆపరేషన్ మా వల్ల కాదన్నారు సర్జన్లు. ఛాతీ కోయకుండా పెట్టే గుండె వాల్వును మనుషుల్లో వాడడం అలాంటి మనిషితోనే మొదలైంది.

అసలు జబ్బు బృహద్ధమని వాల్వుది. ఎడమ జఠరిక నుంచి ఒళ్లంతటికీ రక్తం వెళ్లే దారి అది. మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి. కాల్షియం పేరుకుని రేకులు గట్టిపడితే ఆ దారి 1 చదరపు సెంటీమీటరు లోపుకు వస్తుంది. అప్పుడు ఆయాసం, స్పృహ తప్పడం, ఛాతీనొప్పి. వీటికి మందుల్లేవు, వాల్వు మార్చాల్సిందే.

అప్పట్లో మార్చాలంటే రొమ్ము ఎముక కోసి, హార్ట్-లంగ్ మెషీన్ మీద పెట్టి, గుండెను ఆపాల్సి వచ్చేది. ఊపిరితిత్తులు బాగున్నవాళ్లు తట్టుకుంటారు. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ల సంగతి వేరు. ఎముక కోసిన నొప్పికి గట్టిగా దగ్గలేరు, కఫం లోపలే నిలిచి న్యుమోనియా అవుతుంది. వెంటిలేటర్ తీద్దామంటే ఊపిరి అందదు. ఆపరేషన్ సజావుగా జరిగినా, ఆ తర్వాతి వారంలోనే ప్రమాదం కాచుకుని ఉంటుంది.

ఎముక కోయకుండా వాల్వు మార్చే దారి ముందు డెన్మార్క్ డాక్టర్ హెన్నింగ్ రూడ్ ఆండర్సన్‌కు తట్టింది. 1989లో అమెరికాలో, రక్తనాళాల్లో స్టెంటు పెట్టడం గురించి హూలియో పాల్మాజ్ ప్రసంగం విన్నాడు. స్టెంటును పెద్దది చేసి అందులో వాల్వు ఎందుకు కుట్టకూడదు? బజార్లో కొన్న లోహపు తీగ, కసాయి దుకాణం నుంచి తెచ్చిన పంది గుండెలు, ఇవే ఆయన ముడిసరుకు. ఆ ఏడాది మే 1న బతికున్న పందిలో దాన్ని అమర్చాడు. పరిశోధన పత్రాన్ని పత్రికలు తిప్పి పంపుతూ వచ్చాయి, చివరికి 1992లో అచ్చయింది. ఆ పత్రికల సంపాదకులను మరీ తిట్టనక్కర్లేదు. కాగితం మీద చూస్తే అది పిచ్చి ఆలోచనే.

రూఆన్‌లో డాక్టర్ అలెన్ క్రిబియే అప్పటికి వేరే గొడవలో ఉన్నాడు. బిగిసిన వాల్వును బెలూన్‌తో వెడల్పు చేసే పద్ధతిని 1985లో ఆయనే మొదలుపెట్టాడు. రోగులు లేచి తిరిగేవారు, కొన్ని నెలలకు వాల్వు మళ్లీ ముడుచుకునేది. ముడుచుకోకుండా లోపల స్టెంటు నిలబెట్టాలనుకుని, శవపరీక్ష గుండెల్లో పెట్టి చూశాడు. కాల్షియమే స్టెంటును కదలకుండా పట్టుకుంది. పెద్ద కంపెనీలు కాదన్నాయి. 1999లో స్నేహితులతో కలిసి చిన్న కంపెనీ పెట్టాడు, ఇజ్రాయెల్ ఇంజినీర్లు వాల్వు తయారుచేశారు. ఆవు గుండె పైపొర నుంచి కత్తిరించిన మూడు రేకులు, వాటి చుట్టూ స్టీలు చట్రం. మడిచిన గొడుగులా బెలూన్ మీద బిగిస్తే 8 మిల్లీమీటర్ల గొట్టంలో పట్టేది, విప్పితే 23 మిల్లీమీటర్లు.

2002 ఏప్రిల్ 16న, బల్ల మీదున్న ఆ రోగి కాలి ధమనులు పనికిరాలేదు. తొడ దగ్గర సిర గుండా ఎక్కి, గుండె కుడి, ఎడమ గదుల మధ్య గోడకు చిల్లు చేసి, కుడి నుంచి ఎడమకు దాటి వాల్వును చేర్చారు. బెలూన్ ఊదగానే రక్తపోటు పుంజుకుంది. ఆ మనిషి 17 వారాలు బతికాడు. కాలు తీసేయాల్సి వచ్చి, ఆ తర్వాతి చిక్కులతో పోయాడు. వాల్వు మాత్రం చివరిదాకా పనిచేసింది.

గొట్టం సన్నబడ్డాక, తొడ ధమని గుండా వెళ్లడమే మామూలైంది. గుండెను కాసేపు నిమిషానికి 180కి పైగా పరుగెత్తిస్తే రక్తం తోసే బలం తగ్గుతుంది, ఆ కొన్ని సెకన్లలో వాల్వు విప్పుతారు. చాలామందికి మత్తు కూడా తేలిగ్గానే ఇస్తారు, వెంటిలేటర్ అవసరం రాదు. ఊపిరితిత్తుల రోగికి ఇంతకంటే ఏం కావాలి? ఆపరేషన్‌కు పనికిరారన్న 358 మందిపై చేసిన పార్ట్‌నర్ అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు చికిత్స పొందినవారిలో ఏడాదిలో 50.7 శాతం చనిపోతే, కొత్త వాల్వు పెట్టినవారిలో 30.7 శాతం.

అయినా ఊపిరితిత్తులు లెక్కలోంచి తప్పుకోలేదు. ఎప్పుడూ ఆక్సిజన్ మీదే ఉండేవాళ్లకు, నాలుగడుగులు వేయలేనివాళ్లకు వాల్వు బాగా అమరినా మేలు తక్కువే. వాల్వు రోగికీ ఆయాసమే, సీఓపీడీ రోగికీ ఆయాసమే, రెండూ ఉన్న మనిషిలో దేని వాటా ఎంతో, ఊపిరిని కొలిచే స్పైరోమెట్రీ, గుండెను చూపే ఎకో రెండూ చూసినా ఒక్కోసారి తేలదు. అలాంటప్పుడు కొందరు డాక్టర్లు క్రిబియే పాత బెలూన్‌నే బయటికి తీస్తారు. వాల్వును తాత్కాలికంగా వెడల్పు చేసి కొన్ని వారాలు చూస్తారు. ఆయాసం తగ్గితే నేరం వాల్వుది, కొత్తది పెడతారు. తగ్గకపోతే ఆ రోగి ఇన్‌హేలర్లతో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్తాడు.