మంచు లేని చలికాలం
బొబ్బిలి కోట నమూనాకు నేల తయారు చేద్దాం

‘మంచు’ అనే ఒక్క మాటతో మనం ఎన్ని పనులు చేయించుకుంటామో గమనించారా? తెల్లవారుజామున గడ్డిపోచల మీద నిలిచే నీటిబొట్లు మంచే. దారి కనబడకుండా కమ్ముకునే తెల్లని తెర మంచే. హిమాలయ శిఖరాల మీద పేరుకునేదీ మంచే. అందుకే చలికాలపు దృశ్యాన్ని నమూనాగా చేయమంటే చాలామంది విద్యార్థులు అట్టమీద దూది పరచి, సుద్దపొడి చల్లి, “ఇదే చలికాలం” అంటారు. 1812లో రష్యా నుండి వెనుదిరిగిన నెపోలియన్ సైన్యాన్ని చూపించాలంటే అది సరిపోతుంది. మరి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చలికాలాన్ని చూపించాలంటే?

ఒక సంఘటనను నేల, చెట్లు, గోడలతో సహా చిన్నదిగా చేసి చూపే నమూనాను డయోరమా అంటారు. పేరు కొత్తదిగా తోచినా పని కొత్తది కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఆవాలు, మెంతులు మొలిపించి పచ్చని పొలం చూపించడం మీరు చూసే ఉంటారు. అదీ ఒక డయోరమాయే. ఈసారి మనం బొబ్బిలి కోట నమూనాకు నేల తయారు చేద్దాం. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న, అంటే నడి చలికాలంలో.

ఏ నెల? ఏ నేల?

ఆ కథ బుర్రకథల్లో విని ఉంటారు. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు ఒక పక్షం. బొబ్బిలి ప్రభువు రంగారావు మరో పక్షం. 750 మంది ఐరోపా సైనికులు, నాలుగు ఫిరంగులు, 11,000 మంది దేశీయ సైనికులు కోట మీదికి నడిచారని 18వ శతాబ్దపు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ వ్రాశాడు. ఈ ప్రాంతపు అడవికోటలు ఎలా కట్టేవారో వివరించి, బొబ్బిలి రక్షణలు కూడా అటువంటివేనని చెప్పాడు. మన నమూనాకు ఆ వర్ణనే ఆధారం.

ఇక నేల సంగతి. బొబ్బిలి సుమారు 18.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ హిమం కురవదు. నైరుతి ఋతుపవనాల వానలు సెప్టెంబరుతో తగ్గుతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను వానలు పడతాయి. జనవరిలో వాన దాదాపు ఉండదు. అప్పటికి గడ్డి పండిపోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎర్రనేల గట్టిపడుతుంది. కనుక మన చలికాలానికి గుర్తు తెలుపు కాదు, ఎండుదనం. బొమ్మల కొలువులోని పచ్చని మొలకలు ఈ నమూనాకు పనికిరావు.

ముందు లెక్క, తర్వాత మట్టి

అటువంటి కోట ఒక్కొక్క వైపు సుమారు 200 గజాలు, అంటే 183 మీటర్లు. మనం 72 వంతుల చిన్నదిగా చేద్దాం. అప్పుడు కోట ఒక్క వైపే రెండున్నర మీటర్లు వస్తుంది. అది తరగతి బల్ల మీద పట్టదు. అందుచేత ఒక మూల బురుజును, దానికి ఆనుకున్న కొంత గోడను, ముందున్న నేలను మాత్రమే తీసుకోండి.

గోడ ఎత్తు 22 అడుగులు. నమూనాలో అది 9.3 సెంటీమీటర్లు. ఇందులో కింది 12 అడుగులు సైనికులు నిలబడే మట్టికట్ట. పైన 12 అడుగుల వెడల్పు. నమూనాలో ఎత్తు, వెడల్పు రెండూ 5.1 సెంటీమీటర్లు. కట్ట అడుగున ఇంకా వెడల్పుగా ఉండాలి. దాని మీద 10 అడుగుల ఎత్తున పిట్టగోడ. దీని మందం మూడడుగులే, అంటే నమూనాలో 1.3 సెంటీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషి 2.3 సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు.

ఇసుకరేణువు బండరాయి అవుతుంది!

మట్టి ఎలాగూ మట్టే కదా, తెచ్చి పోస్తే సరిపోదా? సరిపోదు. అర మిల్లీమీటరు ఇసుకరేణువును 72తో హెచ్చించి చూడండి. 36 మిల్లీమీటర్లు! మీ కంటికి సన్నగా కనిపించే ఇసుక, బొమ్మ మనిషి కాలికింద గులకరాయి అన్నమాట. కాబట్టి ఎర్రమట్టిని ఎండబెట్టి, నూరి, ముందు జల్లెడతోనూ ఆపైన పలుచని గుడ్డతోనూ వడకట్టండి. గుడ్డలోంచి జారినది నేల. గుడ్డలో మిగిలినది గులకరాళ్ళు. జల్లెడలో మిగిలినది మట్టిపెళ్ళలు. మూడింటినీ వేర్వేరు డబ్బాల్లో దాచుకోండి.

ఈ మట్టికి రంగు వేయనక్కరలేదు. ఎర్రనేలకు ఆ రంగునిచ్చేది ఇనుప ఆక్సైడు. పాత మేకుకు పట్టే తుప్పు దీని బంధువే.

పొరలు పొరలుగా

చెక్కపలక మీద అట్టముక్కలు అంటించి ఎత్తుపల్లాలు ఏర్పరచండి. మూడు వంతుల మెత్తని మట్టికి ఒక వంతు రంపపు పొట్టు కలిపి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో ముద్ద చేయండి. దీన్ని ఒకేసారి మందంగా మెత్తితే మర్నాటికి పెద్ద పెద్ద పగుళ్ళు కనబడతాయి.

ఇందుకు కారణమేమిటి? తడి బంకమట్టిలో రేణువుల మధ్య నీటిపొరలు ఉంటాయి. నీరు ఆవిరైపోయినప్పుడు రేణువులు దగ్గరకు జరుగుతాయి, మట్టి కుంచించుకుపోతుంది. కాని అడుగుభాగం పలకకు అంటుకొని కదలలేదు. పైభాగం మాత్రం లాక్కుంటుంది. ఆ లాగుడుకు తట్టుకోలేక చీలుతుంది. పొర ఎంత మందమైతే పగుళ్ళు అంత పెద్దవిగా, ఎడమెడంగా వస్తాయి. ఎండిన చెరువు అడుగున పెద్ద పెంకులు లేవడం ఇందుకే. నమూనాలో ఒక సెంటీమీటరు పగులు, నిజంలో మనిషి దూరేటంత నెర్రె!

కనుక రెండేసి మిల్లీమీటర్ల పొర వేసి, పూర్తిగా ఎండనిచ్చి, దాని మీద మరో పొర వేయండి. ఆశ్చర్యమేమంటే కోట కట్టినవారూ ఇదే చేశారు. బాగా మెదిపిన బంకమట్టిని ఒక వరుస పెట్టి, అది ఎండలో గట్టిపడేదాకా ఆగి, ఆ తర్వాతనే పై వరుస పెట్టేవారని ఓర్మ్ వ్రాశాడు. మీరు మీ పలక మీద నేర్చుకునే ఓర్పు వారికి గోడ మీద తెలుసు.

గడ్డి, ముళ్ళకంప

కోట చుట్టూ 500 గజాలకు పైగా నేలను చెట్టు లేకుండా ఉంచేవారు. దాని అవతల దట్టమైన అడవి. కాబట్టి మన పలక మీద చెట్లు వద్దు. ఎండుగడ్డి, తుప్పలు చాలు. ఎండుగడ్డికి మన జిల్లాల్లో దొరికే గోగునారను మించినది లేదు. దాని సహజమైన రంగే పండిన గడ్డి రంగు. నారను మూడు, నాలుగు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, జిగురు పూసిన చోట గుంపులు గుంపులుగా నిలబెట్టండి. అంతటా సమానంగా చల్లకండి. గడ్డి తేమ నిలిచే పల్లంలో ఒత్తుగానూ, జనం నడిచే చోట పలుచగానూ ఉంటుంది.

ప్రమాద సమయంలో కోటద్వారం వెలుపల ముళ్ళకంప పరచేవారు. కోతలైన పొలంలోంచి వరిదుబ్బు పెరికి, వేళ్ళు కడిగి ఆరబెట్టండి. చిక్కుపడిన ఆ వేళ్ళు చక్కని కంప అవుతాయి.

కొన్ని మొక్కల విషయంలో జాగ్రత్త. ఈనాడు దారిపొడవునా కనిపించే సర్కారుతుమ్మ మన దేశానికి వచ్చింది 19వ శతాబ్దంలో. వయ్యారిభామను మన దేశంలో గుర్తించింది 1955లో. ఇవేవీ 1757 నాటి నేల మీద ఉండకూడదు. వెనుక తెర మీద అడవిని చిత్రిస్తే మోదుగపూల ఎరుపు కూడా వేయకండి. మోదుగ విరగబూసేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో.

తొమ్మిది గంటల ఎండ

నమూనా ఒక రోజును కాదు, ఒక క్షణాన్ని చూపుతుంది. మనం ఉదయం తొమ్మిది గంటలను ఎంచుకుందాం. ఆ రోజు తెల్లవారుతూనే ఫిరంగులు బురుజుల మీద పేలడం మొదలైంది. తొమ్మిది గంటలకు పిట్టగోడలు కొన్ని చోట్ల విరిగాయి. నిచ్చెనలతో సైనికులు ముందుకు వచ్చారు. గంటసేపు ప్రయత్నించినా ఒక్కరూ గోడ దాటలేకపోయారు.

జనవరి 24న బొబ్బిలిలో తొమ్మిది గంటల వేళ సూర్యుడు ఆగ్నేయ దిక్కున సుమారు 32 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు నీడ వస్తువు ఎత్తుకు 1.6 రెట్లు. మన గోడ నీడ వాయవ్యంగా సుమారు 15 సెంటీమీటర్లు పడాలి. దీపాన్ని జరుపుతూ, స్కేలుతో కొలిచి, ఆ పొడవు వచ్చిన చోట దాన్ని నిలపండి.

ఇప్పుడు మంచు సంగతి. మబ్బులేని చలికాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వికిరణం చేసి చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలిలోని నీటి ఆవిరి బొట్లుగా మారుతుంది. ఎండపడిన చోట ఈ తడి త్వరగా ఆరిపోతుంది; గోడ నీడలో ఇంకా నిలుస్తుంది. దీన్ని చూపడానికి నీళ్ళు చల్లకండి. ఒక మిల్లీమీటరు బొట్టు నమూనాలో ఏడు సెంటీమీటర్ల గుండు అవుతుంది! నీటి తలతన్యత మన కొలతను పాటించదు.

మరేం చేయాలి? తడిసిన మట్టి ముదురుగా కనబడుతుందని మీకు తెలుసు. పొడిమట్టి మీద పడిన కాంతిలో కొంత చెదిరి తిరిగి మన కంటికి చేరుతుంది. రేణువుల సందుల్లో నీరు నిండితే కాంతి మరింత లోపలికి పోయి, అక్కడే ఎక్కువగా శోషణమవుతుంది. ఎండిన జిగురు కూడా సందుల్ని నింపి ఇదే పని చేస్తుంది. అందుకే జిగురు వేసిన నేల ముదురు రంగులో ఉంటుంది. ఎండపడే చోట పైపొర జిగురు కాస్త ఆరుతుండగా గుడ్డలో వడకట్టిన పొడిమట్టి చల్లండి. అక్కడ లేతరంగు వస్తుంది. నీడపట్టున చల్లకుండా వదలండి. అదే మీ మంచు.

కోటగోడ కట్ట మీద ఎండకూ వానకూ రక్షణగా గడ్డికప్పు వేసేవారు. మీ నమూనాలో మాత్రం ఆ కప్పు వేయకండి. నిప్పు అంటుకుంటుందన్న భయంతో కోటలోనివారు దాన్ని ముందే పీకేశారు. జనవరి గడ్డి ఎంత ఎండి ఉంటుందో మనకంటే వారికి బాగా తెలుసు.

కూలిన చోటు

పిట్టగోడ పూర్తిగా ఎండాక ఒకచోట విరగ్గొట్టండి. చాకుతో చెక్కకండి. పొరలు పొరలుగా కట్టిన గోడ విరిగితే వరుసలు బయటపడతాయి. రాలిన మట్టిని గోడ అడుగున మెల్లగా పోయండి. అది కుప్పగా తనంతట తానే నిలిచే వాలు ఒకటుంది. పొడి ఇసుకకైతే అది 30 నుండి 35 డిగ్రీలు. ఇక్కడ ఒక విశేషం గమనించండి. ఇసుకరేణువు, పగులు, నీటిబొట్టు మన కొలతకు లొంగలేదు. ఈ వాలు మాత్రం కొండంత కుప్పకూ చారెడు కుప్పకూ దాదాపు ఒకటే.

మెత్తని మట్టిగోడ బాణాలకూ బల్లేలకూ అద్భుతమైన అడ్డు. మూడడుగుల పిట్టగోడ ఫిరంగిగుండుకు మాత్రం ఆగలేదు. చివరికి ఓటమి తప్పదని తెలిసి కోటలోని ఇళ్ళకు వారే నిప్పు పెట్టుకున్నారు. స్త్రీలు, పిల్లలు కూడా ప్రాణాలు కోల్పోయారు. అందుచేత నమూనాలో ఎర్రరంగు నెత్తురు పులమనక్కరలేదు. విరిగిన గోడ, కప్పులేని కట్ట, నీడలో ఆరని తడినేల చూసినవారికి అక్కడ ఏం జరిగిందో తెలుస్తుంది.

మీ పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలో దీన్ని పెట్టినప్పుడు పక్కన ఒక చీటీ మీద కొలత, తేదీ, గంట, దిక్కు వ్రాయండి. ఎవరైనా “చలికాలమన్నారు, మంచేదీ?” అని అడిగితే, గోడ నీడలోని ఆ ముదురు చారను చూపించండి.