అంతస్తుకో అన్న... అక్క!

రాత్రి రెండు గంటలు. అమెరికాలో ఓ యూనివర్సిటీ హాస్టల్‌. చెవులు చిల్లులు పడేలా ఫైర్‌ అలారం మోగింది. పిల్లలంతా దుప్పట్లు కప్పుకుని, మెట్లు దిగి, చలిలో వణుకుతూ బయట నిలబడ్డారు. కారణమేంటా అని ఆరా తీస్తే... ఎవరో పప్పులోకి పోపు పెట్టబోయారట. నూనె మాడింది, పొగ లేచింది, అలారం ఊరుకోలేదు!

అందరూ విసుక్కుంటుంటే ఒక్క కుర్రాడు మాత్రం దారిలోని తలుపులన్నీ తట్టుకుంటూ దిగొచ్చాడు. కింద నిలబడి తన అంతస్తు పిల్లలంతా వచ్చారో లేదో చూసుకుంటున్నాడు. అతనూ స్టూడెంటే. పొద్దున్నే పరీక్ష కూడా ఉంది. కానీ ఆ రాత్రి డ్యూటీ అతనిది. అతని హోదా రెసిడెంట్‌ అసిస్టెంట్‌. అక్కడంతా పిలిచేది మాత్రం... ఆర్‌ఏ!

మన హాస్టళ్లలో వార్డెన్‌ ఉంటారు. అక్కడ వార్డెన్‌ లాంటి పెద్దాయనకూ పిల్లలకూ మధ్య ఈ ఆర్‌ఏ ఉంటాడు. డిగ్రీ రెండో ఏడాదో మూడో ఏడాదో చదువుతున్న విద్యార్థుల్నే ఇంటర్వ్యూ చేసి ఎంచుకుంటారు. సాధారణంగా అంతస్తుకు ఒకరు, లేదా ఇద్దరు. వాళ్ల గదీ ఆ వరండాలోనే. ఎమ్మెస్‌కి వెళ్లే మన పిల్లలు ఎక్కువగా బయట అపార్ట్‌మెంట్లలో ఉంటారు కాబట్టి వాళ్లకీ ఆర్‌ఏతో పనిపడదు. ఇంటర్‌ కాగానే బీఎస్‌ చదవడానికి వెళ్లేవాళ్లకీ, అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకీ మాత్రం ఇల్లు వదిలాక ఎదురయ్యే మొదటి ‘పెద్దదిక్కు’ వీళ్లే.

గదిలో ఒప్పందం

అందరికంటే ముందే ఆర్‌ఏలు హాస్టల్‌కి చేరుకుని శిక్షణ తీసుకుంటారు. ప్రతి తలుపు మీదా పిల్లల పేర్లు అందంగా రాసి అంటిస్తారు. మొదటి వారంలోనే అందర్నీ కూర్చోబెట్టి నియమాలు చెబుతారు. ఒకే గదిలో ఉండే ఇద్దరితో ఓ ఒప్పందం రాయిస్తారు. లైటు ఎప్పుడు ఆర్పాలి? స్నేహితుల్ని ఎప్పుడు తీసుకురావచ్చు? ఎవరి వస్తువులు ఎవరు వాడుకోవచ్చు?

చూడ్డానికి చిన్న విషయాలే. కానీ మనవాళ్లకు ఇంట్లోవాళ్లతో మాట్లాడే వేళ అక్కడ అర్ధరాత్రి. ‘అమ్మా, తిన్నావా’ అంటూ గంటసేపు మాట్లాడితే పక్క మంచం మీది అబ్బాయికి నిద్రెక్కడిది? ఆవకాయ సీసా మూత తీస్తే ఒకరికి నోరూరుతుంది, ఇంకొకరు కిటికీ తెరుస్తారు! ఇలాంటి తగవులు ముదరకముందే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఆర్‌ఏ పని. తీర్పు చెప్పడు, చెప్పుకోనిస్తాడు.

రాత్రి రౌండ్లు

వంతుల వారీగా డ్యూటీ రాత్రులుంటాయి. డ్యూటీ ఫోన్‌ దగ్గర పెట్టుకుని హాస్టలంతా తిరగాలి. అల్లరి శ్రుతి మించిందా, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, బయటి తలుపులు మూసి ఉన్నాయా... అన్నీ చూడాలి. అమెరికాలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. హాస్టల్లో చేరే పిల్లలకేమో పద్దెనిమిదే! గొడవంతా అక్కడే. అయినా ఆర్‌ఏ పోలీసు కాదు. పెట్టెలూ బీరువాలూ వెతికే అధికారం మామూలుగా ఉండదు. తలుపు తడతాడు, మాట్లాడతాడు, చేయి దాటితే క్యాంపస్‌ పోలీసుల్ని పిలుస్తాడు. చూసిందీ విన్నదీ మాత్రమే రిపోర్టు రాస్తాడు. శిక్ష సంగతి పైవాళ్లు చూసుకుంటారు. ఇదంతా తనతో కలిసి భోంచేసే స్నేహితుల మీదే! ఈ ఉద్యోగంలో కష్టమంతా అదే.

తలుపుల దగ్గర అంత పట్టింపు ఎందుకు? 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్‌ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని హాస్టల్‌ గదిలోనే చంపేశాడు ఓ దుర్మార్గుడు. తాళం పడకుండా అడ్డుపెట్టి వదిలేసిన తలుపుల్లోంచే అతను లోపలికొచ్చాడు. ఆ అమ్మాయి తల్లిదండ్రుల పోరాటంతో 1990లో చట్టం వచ్చింది. క్యాంపస్‌లో జరిగే నేరాల వివరాలు యూనివర్సిటీలు బయటపెట్టాల్సిందే.

అలారం అంటే అలుసా?

2000 జనవరి 19. న్యూజెర్సీలోని సెటన్‌ హాల్‌ యూనివర్సిటీ. తెల్లవారుజామున బోలండ్‌ హాల్‌ హాస్టల్లో అలారం మోగింది. అంతకుముందు ఎన్నోసార్లు ఉత్తినే మోగడంతో ‘ఇదీ అంతేలే’ అని కొందరు కదల్లేదు. ఈసారి నిజంగానే నిప్పంటుకుంది. ముగ్గురు మొదటి ఏడాది విద్యార్థులు చనిపోయారు. యాభై మందికి పైగా గాయపడ్డారు. హాస్టళ్లలో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు తప్పనిసరి అంటూ ఆ రాష్ట్రం అదే ఏడాది చట్టం చేసింది. పోపు పొగకు మోగినా సరే, ఆర్‌ఏలు తలుపులు తట్టి మరీ లేపడం ఇందుకే.

‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్‌’

అన్నిటికంటే బరువైన క్షణం ఇదే. ఇంటిమీద బెంగతోనో, మార్కులు తగ్గాయనో ఓ పిల్ల ఏడుస్తూ వస్తుంది. ‘ఓ మాట చెబుతా, ఎవరికీ చెప్పకు’ అంటుంది. ఆర్‌ఏ ఆ ఒట్టు వేయకూడదు! ప్రాణం తీసుకోవాలనే ఆలోచన ఉన్నా, అత్యాచారం జరిగినా పై అధికారులకు చెప్పి తీరాలి. ‘ముందే చెబుతున్నా, కొన్ని విషయాలు దాచలేను. కానీ నిన్ను ఒంటరిగా వదలను’ అనడం శిక్షణలో నేర్చుకుంటారు. కౌన్సెలర్‌ దగ్గరికి తోడు వెళతారు. 2022 నుంచి అమెరికా అంతటా ఇలాంటివాళ్లకోసం 988 నంబరు కూడా పనిచేస్తోంది. తాను డాక్టరు కాదని తెలుసుకుని, సమయానికి సరైనవాళ్లకు అప్పగించడమే ఇక్కడ అసలు నేర్పు.

ఈ కొలువులో ప్రమాదమూ ఉంది. 2007 ఏప్రిల్‌ 16న వర్జీనియా టెక్‌లో 32 మందిని బలిగొన్న కాల్పులు ఓ హాస్టల్లోనే మొదలయ్యాయి. అక్కడ చనిపోయిన ఇద్దరిలో ఒకడు రయాన్‌ క్లార్క్‌, 22 ఏళ్ల ఆర్‌ఏ. పక్క గదిలో చప్పుడు విని సాయానికి వెళ్లాడని భావించారు.

మరి జీతం?

చాలాచోట్ల గది ఉచితం. కొన్నిచోట్ల భోజనం, కొంత డబ్బు అదనం. ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవాళ్లు చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలి కాబట్టి, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగాకే దరఖాస్తు చేయాలి. ఇంత పనికి ఇది చాలదన్న అసంతృప్తీ ఉంది. మసాచుసెట్స్‌ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్‌ ఆర్‌ఏలు 2002లోనే యూనియన్‌కు ఓటేశారు. 2022లో వెస్లియన్‌ యూనివర్సిటీలోనూ యూనియన్‌ వచ్చింది.

మన దగ్గర ర్యాగింగ్‌ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం చేశారు. వార్డెన్లు అన్నివేళలా అందుబాటులో ఉండాలని 2009లో యూజీసీ నిబంధన పెట్టింది. మంచిదే. కానీ మూసిన తలుపు వెనక ఏడుస్తున్న పిల్లవాడు అర్ధరాత్రి వార్డెన్‌కి ఫోన్‌ చేస్తాడా? రెండు గదుల అవతల, అతని పేరు తెలిసిన ఓ అన్నో అక్కో ఉంటే ఆ చప్పుడు ముందు వినపడేది వాళ్లకే.

మీ అమ్మాయో అబ్బాయో అమెరికాలో డిగ్రీ చదవడానికి వెళుతున్నారా? ఊరగాయలు సర్దుతూనే ఓ మాట చెప్పండి. ‘వెళ్లగానే మీ ఆర్‌ఏని పరిచయం చేసుకో. తలుపు తడితే తియ్యి. అవసరమైతే నువ్వే వెళ్లి తట్టు!’