కంటిలో నలుసు – బూజుపుండు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపట్ల గ్రామములలో వరియే ప్రధానమైన పంట. కోతలనాడును, ధాన్యమును తూర్పారబట్టునాడును వరియాకు కొనయో, వడ్ల నూగో కంట గుచ్చుకొనుట సామాన్యము. నలుసే గదా యని చీరచెంగుతో నొత్తుకొని మరల పనిలో దిగుదుము. కొన్ని దినములకు కన్నెఱ్ఱబడి, నీరుగారి, వెలుతురు చూడలేకపోవుదుము. నల్లగుడ్డుపై తెల్లని మచ్చ యేర్పడును. దానినే మనవారు పువ్వు వేసినదందురు.

ఆ మచ్చ పలుమారు బూజువలన గలిగిన పుండు. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టినచో పట్టెడి బూజునకు ఇది చుట్టమే. దీని బీజములు మట్టిలోను, ఎండుగడ్డిలోను ఉండును. నల్లగుడ్డుమీది అద్దమువంటి పొర గీచుకొనిపోయిన చోట అవి నాటుకొనును. హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 1991 మొదలు 2000 వఱకు 1352 మందికి ఇట్టి పుండు నిర్ధారణ చేయబడెను. 2002లో ప్రకటింపబడిన ఆ వివరములనుబట్టి, సగముకంటె నెక్కువ కన్నులలో దెబ్బయే దీనికి త్రోవ చూపినది. రోగులలో నూటికి సుమారు 29 మంది స్త్రీలు.

ఈ పరిశోధనలో పాల్గొన్నవారిలో డాక్టరు సావిత్రి శర్మగారొకరు. ఆమె ఆ సంస్థయందలి సూక్ష్మజీవి పరిశోధనాలయములో చిరకాలము పనిచేసిన విదుషీమణి. బూజుపుండును, బాక్టీరియా పుండును కంటితో చూచి వేఱుచేయుట కష్టము. మందులో, రెంటికిని వేఱువేఱు. పుండులోని సూక్ష్మజీవిని పెంచి చూతమన్న దినములు పట్టును; అంతలో కన్ను పాడగును. కావున వైద్యులు పుండునుండి రవంత గీచి, గాజుపలకపైనుంచి, పొటాసియం హైడ్రాక్సైడను క్షారపు చుక్క వేసి సూక్ష్మదర్శినితో చూతురు. బూజు ఉన్నచో దాని సన్నని పోగులు కొలది నిమిషములలోనే కనబడవచ్చును. తొలిదశలో ఈ పరీక్ష నెంతవఱకు నమ్మవచ్చునో తరచిచూచి, ఆమెయు సహచరులును 1998లో ప్రకటించిరి.

పోగులు కనబడినంతమాత్రమున పని ముగియదు. పితియం అను జీవి నీటి తావులలో నుండును. చూచుటకు బూజువలెనే యుండును గాని నిజమైన బూజు కాదు. బూజుమందులు దానిపై సరిగా పనిచేయవు. దానిని డి.ఎన్.ఏ. పరీక్షచేతను, నీటిలో అది విడుచు ఈదెడి బీజములచేతను పోల్చు విధమును ఆమె బృందము 2015లో వివరించెను. రోగము పేరు తెలియక మందు లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక గృహిణులకు మేము చెప్పదలచినది. కంట నలుసు పడినచో నులుమరాదు. శుభ్రమైన నీటితో కడుగవలయును. చనుబాలు, ఆకుపసరు పోయరాదు; నాలుకతో తీయింపరాదు. అంగడిలో అడిగి తెచ్చిన చుక్కలు వేయుట అన్నిటికంటె అపాయము. వానిలో స్టీరాయిడున్నచో ఎఱుపు తగ్గినట్లు తోచును గాని లోపల బూజు మఱింత ప్రబలును. నొప్పి, ఎఱుపు మఱునాటికి తగ్గనిచో కంటివైద్యునొద్దకు పోయి, పుండు గీచి పరీక్షింపుడని అడుగుడు. బూజని తేలినచో నాటమైసిన్ మొదలగు చుక్కలు వారములకొలది విడువక వేయవలసియుండును. ఆలసించినచో నల్లగుడ్డుపొర మార్పిడియే శరణ్యము కావచ్చును.

ఇంటిలో అందఱి నలతయు కనిపెట్టు స్త్రీ, కూలి పోవునని, కోత ముగియనిమ్మని, తన కంటిని మాత్రము కడపట చూచుకొనును. కోత మరుసటేటికిని వచ్చును; పోయిన చూపు మరల వచ్చుట దుర్లభము.